ఖర్జూరపు గింజల బొగ్గు

సొహార్‌లో రాత్రి రెండున్నరకి
ఊరంతా నిద్రపోతుంటే
ఊరి ఒంట్లోంచి దిగిన నీళ్లు
నా దగ్గరికి వస్తాయి.

ముక్కు మూసుకోను. అది మొదటి వారంతోనే పోయింది.
ఇనుప జాలీ దాటి, ఇసుక దాటి,
గాలి బుడగల తొట్టిలో పొర్లి పొర్లి
చివరికి తేటగా నిలబడతాయి,
ఏమీ ఎరగనట్టు.
చూస్తే తాగబుద్ధేస్తుంది.
"నమ్మకు" అంటాడు ఖల్ఫాన్,
మా షిఫ్టు ఇంజనీరు, బలూషీల పిల్లాడు.
"కనిపించే మురికి మంచిది.
కనిపించనిదే మొండిది."

సీసాలో పట్టి లేబుల్ అంటిస్తాను.
పొద్దున బిన్సీ మేడమ్ మెషీన్‌లో పెడితే
కాగితం మీద కొండలు లేస్తాయి.
ఇది షుగరు బిళ్ల. ఇది బీపీది.
ఇదేమో పిల్లాడి జ్వరం తగ్గాక
ఎవరో సింకులో ఒంపేసిన గులాబీ రంగు మందనుకుంటాను.
అన్నిటికన్నా ఎత్తైనది,
జూన్ నుంచి ఆగస్టు దాకా దిగనిది
నొప్పి బిళ్ల.

ఆ కొండ నాకు తెలుసు.
మా రూములో కింది మంచం, లస్మయ్య.
పదిహేడేళ్లుగా సెంట్రింగు పని.
మోకాళ్లకి పొద్దున ఒకటి, రాత్రి రెండు,
నడుమ "గిదొక్కటే" అని ఇంకోటి.
ఒళ్లు తనకు కావలసింది వాడుకుని
మిగతాది వదిలేస్తుంది,
అది క్యాంపు వెనక ట్యాంకరెక్కి
నా దగ్గరికే వస్తుంది.
పక్కన పడుకున్న మనిషి మూలుగుని
తెల్లారి గ్రాములో పది లక్షల వంతుగా
రిజిస్టర్లో ఎక్కించడం
ఎట్లుంటదో ఎవరికి చెప్పను?

స్ట్రిప్పు వెనక సన్నక్షరాలు ఒకసారి చదివాను.
తయారైంది మా హైదరాబాదు పొలిమేరల్లోనే.
అక్కడ మా చిన్నమ్మ వాళ్ల బోరు విప్పితే
పసుపు నీళ్లు, మందుల షాపు వాసన.
బర్రె కూడా మూతి తిప్పుకునేది.
పుట్టిన చోటా నీళ్లు పాడు,
దిగిన చోటా నీళ్లు పాడు,
మధ్యలో ఒక మోకాలికి
నాలుగు గంటల నిద్ర.
ఆ నిద్రని కాదనడానికి నేనెవణ్ణి?

రంజాన్‌లో ఖల్ఫాన్ ఒక ఖాళీ బస్తా ఇచ్చాడు.
"గింజలు పారేయనీయకు. అందర్నీ అడుగు."
ఇఫ్తార్ అయ్యాక మసీదు గుడారంలో
ప్లాస్టిక్ పరుపులు దులుపుతుంటే
బస్తా పట్టుకుని నిలబడ్డాను
ఎంగిలి గింజల కోసం.
పఠానులు నవ్వారు. ఒక బెంగాలీ ముసలాయన
నోట్లోది తీసి, కడిగి మరీ వేశాడు.
బిర్యానీకని వచ్చిన లస్మయ్య
జేబులోంచి పదకొండు లెక్కపెట్టి ఇచ్చి
"ఏం జేస్తవ్ర వీటిని?"

కాల్చాం.
గాలి చొరబడని ఎర్రటి పొయ్యిలో.
గింజ రూపు పోలేదు, నల్లబడి తేలికైంది,
లోపల మాత్రం లెక్కలేనన్ని గదులు.
గుప్పెడు బొగ్గులో విప్పి పరిస్తే
ఫుట్‌బాల్ మైదానమంత గోడలుంటాయంది మేడమ్.
మా క్యాంపులో గదికి పన్నెండు మందిమి.
నాకది వింతనిపించలేదు.

గాజు గొట్టంలో నింపి నీళ్లు వదిలాం.
నాలుగో రోజు కాగితం మీద
నొప్పి బిళ్ల కొండ చీమల పుట్టంత.
ఖల్ఫాన్ క్యాంటీన్ అందరికీ కరక్ టీ చెప్పాడు.

పంతొమ్మిదో రోజు మళ్లీ లేచింది.
బొగ్గు నిండిపోయింది, ఇక పట్టదు.
"పర్లేదు, మళ్లీ కాలిస్తే కొత్తదవుతుంది" అంది మేడమ్.

ఆ వారమే లస్మయ్యకి కాగితం వచ్చింది.
మెడికల్‌లో అన్‌ఫిట్. కిడ్నీలట.
అట్టపెట్టెకి తాడు బిగిస్తూ అడిగాడు,
"నీ బొగ్గెట్లుందిర?"
నిండిపోయింది అన్నాను.
మళ్లీ కాలుస్తామన్న సంగతి చెప్పలేదు.

గొట్టం దాటిన నీళ్లు రోజుకి బకెట్టెడు.
గేటు పక్క ఫర్ద్ ఖర్జూరం మొక్కకి పోస్తాను.
జూలై కాగితంలో కొండ నిరుటి ఎత్తే ఉంది,
ఒక మనిషి తగ్గిన జాడ
మెషీన్‌కి అందలేదు.

కింది మంచం మీద కొత్త పిల్లగాడు,
సంచీ ఇంకా విప్పలేదు.
"అన్నా, ఇక్కడ నీళ్లు మంచియేనా?"

చూస్తే మంచియే, అన్నాను.